పక్క దేశం దివాలా తీస్తే మన బిల్లు సంగతేంటి? ఈసీజీసీ ఎగుమతి బీమా పాలసీపై సమీక్ష

సమీక్ష దేని మీద: కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ అమ్మే ఎగుమతి రుణ బీమా. ప్రధానంగా చిన్న ఎగుమతిదారుల పాలసీ, అవసరమైన చోట పెద్ద పాలసీ.
ఎవరికి పనికొస్తుంది: మిర్చి, పసుపు, ఉల్లి, మందులు, యంత్రాల విడిభాగాలు లాంటివి శ్రీలంక, బంగ్లాదేశ్, మాల్దీవుల వంటి దగ్గరి దేశాలకు అరువు మీద పంపేవాళ్ళకు.
రేటింగ్: 5కి 3.5

బీమా సమీక్షలో ఒక దేశం అప్పుల కథ ఎందుకంటే, ఈ పాలసీ అసలు విలువ తెలిసేది అలాంటప్పుడే. మామూలు రోజుల్లో ప్రీమియం దండగలా కనిపిస్తుంది. బయ్యర్ పదేళ్ళుగా తెలిసినవాడు, ఏనాడూ బిల్లు ఎగ్గొట్టలేదు, ఇంక బీమా దేనికని చాలామంది అడుగుతారు. 2022లో శ్రీలంక దగ్గర ఇరుక్కున్న బిల్లుల్లో చాలా వాటికి బయ్యర్ల నిజాయితీతో సంబంధం లేదు. వాళ్ళ చేతిలో శ్రీలంక రూపాయలున్నాయి. ఆ రూపాయలకు డాలర్లిచ్చే బ్యాంకు దేశంలో లేదు. బయ్యర్ ఎంత మంచివాడైనా ఈ నష్టాన్ని ఆపలేడు.

జరిగిందేమిటో తేదీలతో చూస్తే పాలసీ ఎప్పుడు కొనాలో కూడా తెలుస్తుంది. శ్రీలంక విదేశీ మారక నిల్వలు 2019 చివర్లో సుమారు 760 కోట్ల డాలర్లు. 2021 చివరికి 310 కోట్లకు పడిపోయాయి, అందులోనూ 150 కోట్ల దాకా చైనా ఇచ్చిన కరెన్సీ స్వాప్ (రెండు సెంట్రల్ బ్యాంకులు కరెన్సీలు మార్చుకునే తాత్కాలిక సర్దుబాటు). 2021 సెప్టెంబరులో అక్కడి సెంట్రల్ బ్యాంకు 623 రకాల వస్తువుల దిగుమతికి ఎల్‌సీ (సరుకు డబ్బుకు బయ్యర్ బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) తెరవాలంటే నూటికి నూరు శాతం నగదు ముందే కట్టాలంది. 2022 మార్చి 7న, అప్పటిదాకా డాలరుకు 200 దగ్గర కట్టేసి ఉంచిన రూపాయిని వదిలేసింది. రెండు నెలలు తిరిగేసరికి రేటు 360 దాటింది. ఏప్రిల్ 12న విదేశీ అప్పుల చెల్లింపులు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. గడువుకు కట్టాల్సిన 7.8 కోట్ల డాలర్ల వడ్డీ, 30 రోజుల అదనపు గడువులోనూ కట్టలేక మే నెలలో చరిత్రలో మొదటిసారి ఎగవేతదారు అయింది. సెప్టెంబరుకు కొలంబోలో ద్రవ్యోల్బణం 70 శాతం దగ్గరికి చేరింది.

ఎగుమతిదారు దృష్టితో చూస్తే ఇందులో అన్నిటికంటే ముఖ్యమైంది 2021 సెప్టెంబరు ఉత్తర్వు. దేశం అప్పు ఎగ్గొట్టడానికి ఏడు నెలల ముందే డాలర్ల కరువు అందులో బయటపడింది. మిర్చిలాంటి ఆహార సరుకు ఆ జాబితాలో లేదులే అనుకుని ఊరుకున్నవాళ్ళు పాలసీ కొనడానికి తేలికైన సమయాన్ని వదులుకున్నారు.

మన దేశం నుంచి శ్రీలంకకు ఎగుమతులు 2021-22లో సుమారు 580 కోట్ల డాలర్లు, మరుసటి ఏడాది సుమారు 510 కోట్లు. పడింది కొంతే అనిపిస్తుంది. ఆ మాత్రమైనా నిలబడింది మన ప్రభుత్వం 2022లో అందించిన సుమారు 400 కోట్ల డాలర్ల సాయంతో. ఎగ్జిమ్ బ్యాంకు ఇంధనానికి 50 కోట్ల డాలర్లు, ఎస్‌బీఐ ఆహారం, మందులు, నిత్యావసరాలకు 100 కోట్ల డాలర్లు అప్పుగా తెరిచాయి. ఆ అప్పు కింద కేటాయింపు దొరికిన బయ్యర్‌కు సరుకు పంపినవాళ్ళకు డబ్బు సక్రమంగా వచ్చింది. బయట మిగిలిన సాధారణ వ్యాపారానికి ఆ రక్షణ లేదు. గుంటూరు వైపు ఈ దెబ్బ మార్కెట్ యార్డు ధరల్లో కనబడలేదు. ఆ సీజన్లో నల్ల తామర పురుగు పంటను తినేసి మిర్చి ధరలు పైనే ఉన్నాయి. నొప్పంతా ఎగుమతిదారుల బ్యాంకు ఖాతాల్లో, వసూలు కాని బిల్లుల రూపంలో ఉండిపోయింది.

ఇక పాలసీ సంగతి.

ఇది రెండు రకాల నష్టాలు భరిస్తుంది. ఒకటి బయ్యర్ వల్ల వచ్చేది: దివాలా తీయడం, గడువు దాటినా డబ్బు కట్టకపోవడం, సరుకు తీసుకోకపోవడం. రెండోది దేశం వల్ల వచ్చేది: ప్రభుత్వ ఆంక్షల వల్ల డబ్బు బయటికి రాకపోవడం లేదా ఆలస్యం కావడం, కొత్తగా దిగుమతి నిషేధం రావడం, చెల్లుబాటులో ఉన్న లైసెన్సు రద్దు కావడం, యుద్ధం. అప్పుల సంక్షోభంలో పనికొచ్చేది ఈ రెండోదే. సాలీనా ఎగుమతులు 5 కోట్ల రూపాయలు దాటని వాళ్ళకు చిన్న ఎగుమతిదారుల పాలసీ ఉంది. బయ్యర్ వల్ల వచ్చిన నష్టంలో 95 శాతం, దేశం వల్ల వచ్చిన దాంట్లో 100 శాతం ఇస్తుంది. అంతకు మించిన వ్యాపారానికి ఉన్న సమగ్ర పాలసీలో సాధారణంగా 90 శాతం. సరుకు ఓడలో తడిసినా, దొంగతనమైనా దీనికి సంబంధం లేదు, అది మెరైన్ ఇన్సూరెన్స్ పని. ఈ రెండూ ఒకటేననుకుని ఒక్కటే తీసుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

అంతకంటే ఖరీదైన పొరపాటు ఇంకొకటుంది. ప్యాకింగ్ క్రెడిట్ (సరుకు పంపేముందు ఎగుమతిదారుకిచ్చే అప్పు) ఇచ్చే బ్యాంకు ఖాతాలోంచి ఈసీజీసీ ప్రీమియం అని కొంత కోస్తుంది. స్టేట్‌మెంటులో ఆ మాట చూసి మనకు బీమా ఉందిలే అని ఊరుకుంటారు. అది బ్యాంకు తన అప్పు మునగకుండా తన కోసం తీసుకున్న బీమా. బయ్యర్ దగ్గర డబ్బు ఆగిపోతే ఆ పాలసీ బ్యాంకుకు చెల్లిస్తుంది, ఆపైన కూడా బ్యాంకు మీ మీద వసూలు చర్యలు మానదు. మీ పేరు మీద విడిగా పాలసీ నంబరు, మీ బయ్యర్ పేరు మీద మంజూరైన లిమిట్ (ఎంత అరువు దాకా బీమా ఉంటుందన్న హద్దు) ఉంటేనే మీకు రక్షణ ఉన్నట్టు. బ్రాంచిలో ఇదొక్కటి అడిగి తేల్చుకోండి.

కొనే పద్ధతి కష్టమేమీ కాదు. ప్రపోజల్ ఫారం, ఐఈసీ (ఎగుమతి-దిగుమతి కోడ్), గత ఎగుమతుల వివరాలు, ఏ దేశానికి ఏ షరతు మీద ఎంత పంపుతారన్న అంచనా ఇవ్వాలి. ఆ తర్వాత ఒక్కో బయ్యర్‌కు విడిగా క్రెడిట్ లిమిట్ అడగాలి. ఇక్కడే చాలామంది జారిపోతారు. పాలసీ వచ్చిందన్న ధైర్యంతో లిమిట్ రాకముందే కంటైనర్ ఎక్కించేస్తారు. డీపీ (డబ్బు కట్టాకే బ్యాంకు సరుకు కాగితాలిచ్చే పద్ధతి) కోసం తీసుకున్న లిమిట్ డీఏకు (గడువుకు కడతానన్న సంతకం మీద కాగితాలిచ్చే పద్ధతికి) పనికిరాదు. రెండిటికీ ప్రీమియం వేరు, రిస్కు వేరు. కంపెనీ పేరు, చిరునామా బిల్లులోనూ లిమిట్లోనూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. కొలంబోలోని పెట్టా బజారు హోల్‌సేలర్లలో ఒకే కుటుంబానికి మూడు నాలుగు పేర్లతో సంస్థలుండటం మామూలే. లిమిట్ ఒక పేరు మీద, ఇన్వాయిస్ ఇంకో పేరు మీద ఉంటే క్లెయిమ్ అక్కడే ఆగిపోతుంది.

నచ్చిన బయ్యర్లను వదిలేసి, అనుమానమున్న ఒక్క శ్రీలంకకే బీమా చేయిస్తామంటే ఈ పాలసీల్లో కుదరదు. అరువు మీద వెళ్ళే షిప్‌మెంట్లన్నీ చూపించాలి. అడ్వాన్సు మీద వెళ్ళేవి, మన దేశ బ్యాంకు కన్ఫర్మ్ చేసిన (తానూ హామీ ఇచ్చిన) ఎల్‌సీ మీద వెళ్ళేవి మాత్రం మినహాయించుకోవచ్చు. దీని మీద ఎగుమతిదారుల్లో అసంతృప్తి ఉంది కానీ, నా లెక్కలో ఇది న్యాయమే. మునిగే దేశాలకే అందరూ బీమా కొంటే ఆ ప్రీమియం ఎవరూ భరించలేరు.

క్లెయిములు ఎక్కువగా పోయేది డిక్లరేషన్ల దగ్గర. సమగ్ర పాలసీలో ప్రతి నెలా షిప్‌మెంట్లు మరుసటి నెల 15లోగా తెలపాలి. గడువు దాటి 30 రోజులైనా రాని బిల్లులను కూడా నెలనెలా విడిగా తెలపాలి. చిన్న పాలసీలో షిప్‌మెంట్ల డిక్లరేషన్ మూడు నెలలకోసారి, రాని బిల్లులకు 60 రోజుల వెసులుబాటు ఉంటుంది. క్లెయిమ్ వేయడానికి ఆగాల్సిన కాలం మామూలుగా నాలుగు నెలలు, చిన్న పాలసీలో అందులో సగం. షరతులు మారుతుంటాయి కాబట్టి మీ పాలసీ షెడ్యూల్లో అచ్చయిన అంకెనే పట్టుకోండి. బయ్యర్‌ను నొప్పించడం ఇష్టం లేక ఈ రాని బిల్లుల (ఓవర్‌డ్యూ) రిపోర్టు ఆలస్యం చేస్తుంటారు. రిపోర్టు ఈసీజీసీకి వెళ్తుంది, బయ్యర్ తలుపు తట్టదు. డాలర్లు దొరకడం లేదు, ఇంకో 60 రోజులివ్వండని బయ్యర్ వాట్సాప్‌లో అడిగితే సరేనని జవాబిచ్చేసే ముందు ఆ గడువు పెంపుకు పాలసీ ప్రకారం అనుమతి కావాలో లేదో చూసుకోండి. అడగకుండా ఒప్పుకున్న పెంపు రేపు మీ మీదకే వస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కుముడి. డాలర్లు లేని దేశంలో బిల్లు ఆగినప్పుడు అది బయ్యర్ ఎగవేతా, దేశం చేసిన ఆలస్యమా అన్నది కాగితాలతో తేలాలి. బయ్యర్ తన వంతు డబ్బు స్థానిక కరెన్సీలో బ్యాంకులో కట్టేశాడు, మారకం దొరక్క అక్కడే ఉంది అని అతని బ్యాంకు రాసిచ్చిన పత్రం ఇందుకు ప్రాణం. నోటిమాట, ఫార్వర్డ్ చేసిన మెయిల్ చాలవు.

ఆ డిపాజిట్‌లో ఎంత ఉందన్నది ఇంకా ముఖ్యం. 50,000 డాలర్ల మిర్చి బిల్లు తీసుకోండి. 2022 ఫిబ్రవరిలో డాలరు 203 దగ్గర ఉండగా బయ్యర్ 1,01,50,000 శ్రీలంక రూపాయలు కట్టాడు. బ్యాంకు క్యూలో పెట్టింది. మే నాటికి రేటు 360. అదే సొమ్ముకు ఇప్పుడొచ్చేది 28,194 డాలర్లు. పూర్తి బిల్లు తీరాలంటే 1,80,00,000 కావాలి, అంటే 78,50,000 తక్కువ. ఆ తేడా ఎవరిది? బయ్యర్ నాది కాదంటాడు, బ్యాంకు మాది కాదంటుంది, మారకపు రేటు వల్ల వచ్చే నష్టం పాలసీలో లేదు. అందుకని సరుకు పంపేముందే అమ్మకం ఒప్పందంలో ఒక వాక్యం రాయించుకోవాలి: స్థానిక కరెన్సీలో కట్టడం చెల్లింపు కిందికి రాదు, ఇన్వాయిస్ మొత్తం డాలర్లలో అందేవరకు మారకపు తేడా కొనుగోలుదారే భరించాలి. పర్చేజ్ ఆర్డర్ మీద సంతకంతో ఈ వాక్యం ఉన్నవాళ్ళ చేతిలో వాదించడానికి ఆధారం ఉంటుంది. లేనివాళ్ళకు మిగిలేది పాత స్నేహమే.

డీపీ బిల్లయితే ఇంకో మలుపు ఉంది. బ్యాంకుల ద్వారా వసూలయ్యే కలెక్షన్ బిల్లులకు వర్తించే అంతర్జాతీయ నియమావళి యూఆర్‌సీ 522 ప్రకారం, డాలర్ బిల్లు కాగితాలను ఆ డాలర్లు వెంటనే పంపగలిగితేనే బయ్యర్‌కు వదలాలి, మీరు వేరే ఆదేశం ఇస్తే తప్ప. అంటే డాలర్లు లేనన్నాళ్ళూ కాగితాలు బ్యాంకులో, కంటైనర్ కొలంబో పోర్టులో, డెమరేజ్ (పోర్టులో ఆగిన రోజులకు పడే ఛార్జీ) మీ పేరు మీద. 2022లో అత్యవసర ఆహార సరుకులతో వెయ్యికి పైగా కంటైనర్లు అక్కడ ఇలాగే ఆగాయి. రూపాయల డిపాజిట్ తీసుకుని కాగితాలు వదిలేయండని బయ్యర్ బతిమాలతాడు. ఒప్పుకుంటే డెమరేజ్ ఆగుతుంది కానీ సరుకు మీద పట్టు పోతుంది. ఒప్పుకోకపోతే మిర్చి తేమ పట్టి రంగు పోతుంది. ఏది చేసినా ముందు ఈసీజీసీకి రాసి, లిఖిత జవాబు తీసుకుని బ్యాంకుకు ఆదేశం పంపాలి. సరుకు వేరేవాళ్ళకు తక్కువకు అమ్మాలన్నా, తూత్తుకుడికి వెనక్కి తెప్పించాలన్నా ఇదే వరస. రోజులు లెక్కపెట్టుకునే ఆ సమయంలో జవాబు వేగంగా రావడమే ఈ సేవకు అసలు పరీక్ష. నేను తగ్గించిన ఒకటిన్నర మార్కుల్లో ఒకటి ఇక్కడే: పాలసీ నిర్మాణం బాగుంది, కానీ కంటైనర్ మీటర్ తిరుగుతున్నప్పుడు పనికొచ్చే స్పష్టమైన, చిన్న అనుమతి పద్ధతి అందులో లేదు.

మిగిలిన అర మార్కు దేశాల రేటింగు దగ్గర. ఈసీజీసీ దేశాలను ఏ1 నుంచి డీ దాకా ఏడు తరగతులుగా విడదీస్తుంది, ప్రీమియం దాన్ని బట్టి. 2022 జూన్ చివర్లో శ్రీలంకను ఓపెన్ కవర్ (మామూలుగా బీమా ఇచ్చే దేశాల జాబితా) నుంచి తీసి రిస్ట్రిక్టెడ్ కవర్లో పెట్టింది. లిమిట్లు కేసు చూసి ఇవ్వడం మొదలైంది. కవర్ ఆగలేదు, కానీ కాగితాలు పెరిగాయి, సమయం పెరిగింది. సంస్థ తన ఖజానా చూసుకోవాలి కాబట్టి తప్పుపట్టలేం. కాకపోతే అప్పటికి ప్రమాదం అందరి కళ్ళముందూ ఉంది. 2021 సెప్టెంబరులోనే పాలసీ హోల్డర్లకు ఒక హెచ్చరిక, పాత లిమిట్లు పునఃపరిశీలించుకోండన్న ఒక సూచన వెళ్ళి ఉంటే ఎంతో మేలు జరిగేది.

పాలసీలో లేనివి కొనేముందే తెలియాలి. నాణ్యత మీద తగాదా తేలేవరకు క్లెయిమ్ కదలదు. అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల వచ్చే విషం) ఎక్కువుందనో, తేమ ఎక్కువుందనో బయ్యర్ ఒక్క మెయిల్ పెడితే చాలు, దేశం చేసిన ఆలస్యం కూడా తగాదా కింద కనబడుతుంది. డాలర్లు దొరకని బయ్యర్లు గడువు సంపాదించుకోవడానికి ఈ దారి పట్టడం కొత్త కాదు. లోడింగ్‌కు ముందు గుర్తింపు ఉన్న ల్యాబ్ రిపోర్టు, సీల్ చేసిన శాంపిల్ మీ దగ్గర ఉంచుకుంటే దీనికి సగం విరుగుడు. బయ్యర్ తన దిగుమతి లైసెన్సు, మారకపు అనుమతి తీసుకోకపోవడం వల్ల వచ్చిన నష్టం కూడా పాలసీలోకి రాదు. 2022 మేలో శ్రీలంక ఓపెన్ అకౌంట్ (కాగితాలు నేరుగా బయ్యర్‌కు పంపి తర్వాత డబ్బు తీసుకునే) దిగుమతుల మీద ఆంక్షలు పెట్టినప్పుడు ఇది పెద్ద గండమైంది. ఓడ ఎక్కేముందు అమల్లో ఉన్న ఆంక్షను చూడకుండా పంపితే అది మీ అజాగ్రత్త, ఓడ ఎక్కాక వచ్చిన ఆంక్ష అయితే బీమా పరిధి. బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ సంస్థ ఇచ్చే సరుకు రసీదు) తేదీ, గెజిట్ తేదీ పక్కపక్కన పెట్టి చూస్తారు.

దీనికి పోటీగా నిలిచేవి రెండు. మొదటిది కన్ఫర్మ్ చేసిన ఎల్‌సీ. ఎల్‌సీ సందేశంలో 49వ గడి చూడండి. అక్కడ వితవుట్ అని ఉంటే మీ చేతిలో ఉన్నది కొలంబో బ్యాంకు మాట మాత్రమే. కన్ఫర్మ్ అని ఉండి, మన బ్యాంకో మూడో దేశం బ్యాంకో నిజంగా కన్ఫర్మేషన్ చేర్చితే, కాగితాలు సరిగ్గా ఉన్నంతవరకు శ్రీలంకలో ఏం జరిగినా డబ్బు వస్తుంది. రక్షణలో ఇది బీమాను మించింది. లోపమల్లా, అవసరం ఎక్కువైన రోజే ఇది మాయమవుతుంది. సంక్షోభం ముదిరేకొద్దీ కన్ఫర్మేషన్ ఛార్జీలు పెరిగి, చివరికి ఆ దేశం ఎల్‌సీలంటేనే బ్యాంకులు వద్దంటాయి.

రెండోది రూపాయల్లో చెల్లింపు. సంక్షోభానికి ముందు మామూలుగా శ్రీలంకతో లావాదేవీలు ఏషియన్ క్లియరింగ్ యూనియన్ (సభ్య దేశాల సెంట్రల్ బ్యాంకుల ఉమ్మడి చెల్లింపుల ఏర్పాటు) ద్వారా నడిచేవి, సెంట్రల్ బ్యాంకులు రెండు నెలలకోసారి లెక్క తేల్చుకునేవి. 2022లో శ్రీలంక కట్టాల్సిన ఆ లెక్కలను రిజర్వ్ బ్యాంకు వాయిదా వేసింది. మన రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన కరెన్సీ స్వాప్‌తో కలిపితే ఇది 200 కోట్ల డాలర్ల పైమాటే. మన ఎగుమతిదారుల్లో ఎందరి బిల్లులో ఆ వాయిదా పుణ్యాన తీరాయి. ఆ ఏడాది జూలై 8న రిజర్వ్ బ్యాంకు శ్రీలంకతో లావాదేవీలు యూనియన్ బయట కూడా తేల్చుకోవచ్చంది, జూలై 11న ప్రత్యేక వోస్ట్రో ఖాతాల (విదేశీ బ్యాంకు మన బ్యాంకులో రూపాయల్లో తెరిచే ఖాతాల) ద్వారా రూపాయల్లో వ్యాపారానికి తలుపు తెరిచింది. మనకు మారకపు రిస్కు ఉండదు, అది నిజమైన లాభం. కానీ శ్రీలంక బయ్యర్‌కు మన రూపాయలు ఎక్కడినుంచి రావాలి? వాళ్ళు మనకు అమ్మేది, మన దగ్గర కొనేదానితో పోలిస్తే చాలా తక్కువ. మన పర్యాటకులు అక్కడ ఖర్చుపెట్టేది, మనం ఇచ్చిన అప్పు కలిపినా పూడని లోటు అది. చిన్న బిల్లులకు అడిగి చూడండి, మొత్తం వ్యాపారం దాని మీద పెట్టకండి.

కొనాలా వద్దా? సాలీనా 5 కోట్లలోపు, అందులో సగమైనా అరువు మీద వెళ్తుంటే చిన్న ఎగుమతిదారుల పాలసీ కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. దేశం వల్ల వచ్చే నష్టానికి 100 శాతం కవర్ ఆ ఖరీదుకు ఇంకెక్కడా చూడలేదు. పూర్తి అడ్వాన్సు టీటీ (బ్యాంకు బదిలీ) మీదే నడిపేవాళ్ళకు అక్కర్లేదు. డిక్లరేషన్లు చూసుకోవడానికి ఆఫీసులో ఒక మనిషి లేకపోతే మాత్రం ముందు ఆ మనిషిని పెట్టుకోండి, తర్వాత పాలసీ.

క్లెయిమ్ డబ్బు చేతికొచ్చాక కూడా ఫైలు మూయకండి. వసూలు ప్రయత్నం మీ బాధ్యతే, తర్వాత బయ్యర్ దగ్గర్నుంచి వచ్చినదాంట్లో ఈసీజీసీకి వాటా ఇవ్వాలి. షిప్పింగ్ బిల్లు రిజర్వ్ బ్యాంకు రికార్డుల్లో ఇంకా తెరిచే ఉంటుంది కాబట్టి, గడువులోగా రాని సొమ్ముకు మీ ఆథరైజ్డ్ డీలర్ బ్యాంకు (విదేశీ మారకానికి అనుమతి ఉన్న బ్యాంకు) దగ్గర పొడిగింపు గానీ రైటాఫ్ (ఇక రాదని కొట్టివేత) గానీ రాతపూర్వకంగా తీసుకోవాలి. క్లెయిమ్ మంజూరు లేఖ కాపీ ఆ దరఖాస్తుకు జతచేయండి.